కొడవలికి చుట్టిన గుడ్డ



సోయా కోతల రోజుల్లో పొద్దున్నే గాంధారి దారిలో నిలబడితే కూలీల ఆటోలు వరసగా పోతుంటాయి. తండాల నుంచి, చిన్నచిన్న ఊళ్ల నుంచి బయల్దేరిన ఆడవాళ్లు ఒకరినొకరు ఒత్తుకుని కూర్చుంటారు. ఒక చేతిలో సద్ది గిన్నె, ఇంకో చేతిలో సంచి, సంచిలో కొడవలి. ఆ కొడవలికి పాత చీరపేలికో గోనె ముక్కో చుట్టి ఉంటుంది. అంచు పదునుగా ఉంటేనే చేనులో పని సాగుతుంది. అదే పదును ఆటో కుదుపుకి పక్కావిడ తొడను చీరేస్తుంది. అందుకే చేను గట్టు దిగేదాకా ఎవరూ గుడ్డ విప్పరు.

మగ జీవి ఒంట్లో ఇలాంటి కొడవళ్లు కోట్ల సంఖ్యలో తయారవుతుంటాయి. ప్రతి శుక్రకణం తలమీద టోపీ లాంటి ఒక చిన్న సంచి ఉంటుంది. దాని పేరు ఆక్రోసోమ్. ఆ సంచి నిండా ప్రొటీన్లను కోసే ఎంజైములు. వాటినే ప్రోటీయేజులు అంటారు. శుక్రకణం అండం దాకా ప్రయాణించాక గాని వాటికి పని లేదు. ఆలోగా అవి ఎక్కడ బయటపడ్డా, పుట్టించిన కణాన్నే కోసేస్తాయి. కాబట్టి వాటికి ముందే గుడ్డ చుట్టాలి. ఆ గుడ్డను నేసే జన్యువులలో ఒకదాని పేరు స్పింక్2. చిట్టెలుకలో ఆ జన్యువును పాడుచేసి చూసినప్పుడు ఏం బయటపడింది, పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేని మన ఇళ్లకు ఆ సంగతి ఎందుకు తెలియాలి అన్నదే ఈ పూట ప్రసంగం.

ముందుగా సోయా గింజ దగ్గరికే పోదాం. కామారెడ్డి జిల్లాలో సోయా కొత్త పంటేమీ కాదు. జుక్కల్, మద్నూర్ వైపు నల్లరేగళ్లలో వానాకాలం ఎటు చూసినా అదే. ఆ గింజను పచ్చిగా దంచి కోడిపిల్లలకు పెడితే అవి ఎదగవు. వేడి తగిలించి పెడితే ఎదుగుతాయి. అమెరికాలో థామస్ ఆస్బోర్న్, లఫాయెట్ మెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1917లోనే ఎలుకలకు సోయా పెట్టి ఈ తేడా గమనించారు. గింజలో ఉన్న ప్రొటీన్ అదే, బరువు అదే, అయినా పచ్చిది ఒంటికి పట్టలేదు. కారణం తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. 1945లో మోజెస్ కునిట్జ్ అనే శాస్త్రవేత్త సోయా గింజలో నుంచి ఒక పదార్థాన్ని స్ఫటికాలుగా విడదీసి చూపించాడు. మన పేగుల్లో ప్రొటీన్‌ను ముక్కలు చేసే ట్రిప్సిన్ అనే ఎంజైమును అది కదలకుండా పట్టేస్తుంది. కత్తి ఉంటుంది గాని కోయదు. తిన్నది అరగదు. వేడి తగిలితే ఆ పదార్థం రూపు చెడిపోయి పట్టు వదులుతుంది. మనం ఆదివారం పూట వండుకునే మీల్ మేకర్ హాయిగా అరగడానికి దాని తయారీలో తగిలిన వేడే కారణం.

ప్రోటీయేజును ఇలా పట్టి ఆపే ప్రొటీన్లను నిరోధకాలు అంటారు. మొక్కల్లోనే కాదు, మన ఒంట్లోనూ ఇవి చాలా ఉన్నాయి. ట్రిప్సిన్ తయారయ్యేది క్లోమంలో, అంటే పొట్ట వెనక ఉండే గ్రంథిలో. మాంసాన్ని అరిగించగల పదార్థం మాంసంతోనే చేసిన గ్రంథిలో పుడుతుంది, అయినా ఆ గ్రంథి చెక్కుచెదరదు. ఈ వింతకు సగం సమాధానం 1948లో దొరికింది. లూయీ కజాల్, ఆయన సహచరులు క్లోమంలో నుంచే ట్రిప్సిన్‌ను ఆపే ఒక చిన్న ప్రొటీన్‌ను బయటికి తీశారు. ట్రిప్సిన్ పొరపాటున పేగును చేరకముందే మేల్కొంటే, దాన్ని అక్కడికక్కడే పట్టుకోవడం ఆ ప్రొటీన్ పని. కజాల్ పేరు మీద ఆ రకం నిరోధకాలన్నిటికీ కజాల్ కుటుంబం అన్న పేరు వచ్చింది. స్పింక్ అన్న పొట్టి పేరులో చివరి అక్షరం ఆయనదే.

క్లోమంలోని ఆ ప్రొటీన్‌నే స్పింక్1 అంటారు. దాని కథలో హైదరాబాద్ పేరు గట్టిగా వినబడుతుంది. మన వైపు కొందరికి చిన్న వయసులోనే, మందు అలవాటు లేకపోయినా, పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి మొదలవుతుంది. స్కానింగ్ తీస్తే క్లోమంలో రాళ్లు కనబడతాయి. కొన్నేళ్లకు షుగర్ వస్తుంది. చాలాకాలం దీన్ని కర్రపెండలం తిండి వల్ల, పోషకాహార లోపం వల్ల వచ్చే జబ్బని అనుకున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చందక్, లాల్జీ సింగ్, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి చెందిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి కలిసి ఈ రోగుల జన్యువులను పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. ట్రిప్సిన్‌ను తయారుచేసే జన్యువులో అనుకున్న తప్పు కనబడలేదు. దాన్ని ఆపే స్పింక్1లో కనబడింది. ఆ ప్రొటీన్ గొలుసులో 34వ పూస ఒకటి మారి ఉంది. అంటే కత్తిలో లోపం లేదు, గుడ్డ చిరిగింది.

ఈ సంగతి గుర్తుంచుకుంటే వృషణాల్లో జరిగేది అర్థం చేసుకోవడం తేలిక.

శుక్రకణం ఒక్క రోజులో తయారయ్యేది కాదు. మనిషిలో రెండు నెలలకు పైగా, చిట్టెలుకలో దాదాపు 35 రోజులు పడుతుంది. వృషణం లోపల దారపు ఉండల్లా చుట్టుకున్న సన్నటి గొట్టాలు ఉంటాయి. ఒక గొట్టాన్ని అడ్డంగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే బయటి గోడ దగ్గర మూలకణాలు, వాటి లోపలి వరసల్లో విభజన పొందుతున్నవి, ఇంకా లోపల గుండ్రటి కణాలు, నట్టనడుమ ఖాళీలోకి తోకలు వేలాడేసిన శుక్రకణాలు కనబడతాయి. బయట పుట్టింది లోపలికి జరుగుతూ ఎదుగుతుందన్నమాట. వీటన్నిటినీ చేతుల్లో పట్టుకున్నట్టు సెర్టోలి కణాలు అనే దాదులు నిలబడి ఉంటాయి.

అసలు అద్భుతం ఆ గుండ్రటి కణం దగ్గర మొదలవుతుంది. అప్పటికి అది మామూలు కణం లాగే ఉంటుంది, తోక లేదు, టోపీ లేదు. కణం లోపల గాల్జి అనే భాగం ఉంటుంది. ప్రొటీన్లను సర్ది మూటలు కట్టి పంపే చోటు అది. అక్కడి నుంచి చిన్న చిన్న మూటలు వచ్చి కేంద్రకం పక్కన ఒకచోట కలుస్తాయి. అన్నీ కలిసి ఒక సంచి అవుతుంది. ఆ సంచి కేంద్రకం మీద పరచుకుని టోపీ అవుతుంది. ఆ మూటల్లోనే ఆక్రోసిన్ అనే ప్రోటీయేజు ప్రయాణిస్తుంది. అది పుట్టుకతో నిద్రలో ఉంటుంది. సంచి లోపల ఆమ్లగుణం ఉన్నంతకాలం లేవదు. కమ్మరి కొలిమి నుంచి సంచిలోకి చేరేదాకా దాన్ని ఎవరు చూసుకోవాలి? ఆ దారిలో కాపలా ఉండేది స్పింక్2.

ఇది చాలా చిన్న ప్రొటీన్. మూడు గంధకపు కుట్లు దాన్ని గట్టిగా బిగించి ఉంచుతాయి. దాని ఒంటి మీద ఒక మెలిక బయటికి పొడుచుకుని ఉంటుంది. ప్రోటీయేజుకు ఆ మెలిక కోయదగిన ఆహారంలా కనబడుతుంది. నోరు తెరిచి కరుస్తుంది. మెలిక ఆ నోట్లో సరిగ్గా ఇరుక్కుపోతుంది, తెగదు. ఇక ఆ ప్రోటీయేజు ఇంకో ప్రొటీన్‌ను కరవలేదు. పెద్ద పోట్లాటేమీ ఉండదు, నోరు మూయించడమే.

2011లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జు నగరంలో చుంగ్‌హీ చో బృందం స్పింక్2 తక్కువగా తయారయ్యే చిట్టెలుకలను పరీక్షించింది. జన్యువు పూర్తిగా పోలేదు, దాని ఉత్పత్తి మాత్రం బాగా పడిపోయింది. అంతమాత్రానికే మగ ఎలుకల సంతానశక్తి దెబ్బతింది. వృషణాల్లో ప్రోటీయేజుల చురుకు పెరిగింది. ఎదుగుతున్న కణాలు తమంతట తాము చచ్చిపోవడం ఎక్కువైంది. బయటపడ్డ శుక్రకణాల్లో చాలా వాటికి రూపం సరిగా లేదు. ఆడ ఎలుకలకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఈ జన్యువు ముఖ్యంగా పనిచేసేది వృషణాల్లోనే గదా.

అసలు గట్టి సాక్ష్యం 2017లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నుంచి వచ్చింది. పియేర్ రే, క్రిస్టోఫ్ ఆర్నూ నడిపే ప్రయోగశాలకు ఇద్దరు అన్నదమ్ముల కేసు వచ్చింది. ఇద్దరి వీర్యంలోనూ ఒక్క శుక్రకణం లేదు. ఎక్కడా దారి మూసుకుపోలేదు, తయారీయే ఆగిపోయింది. వాళ్ల తల్లిదండ్రులు చుట్టరికంలో పెళ్లి చేసుకున్నవాళ్లు. జన్యువులన్నిటినీ చదివి చూస్తే స్పింక్2 రెండు ప్రతులూ చెడిపోయి ఉన్నాయి. అది నిజంగా కారణమేనా అని తేల్చడానికి మళ్లీ చిట్టెలుక దగ్గరికే పోయారు. స్పింక్2 పూర్తిగా లేని మగ ఎలుకలను తయారుచేసి వృషణాలను కోసి చూశారు. గొట్టాల్లో గుండ్రటి కణాల దాకా అంతా బాగానే ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ గుండ్రటి కణాల లోపల గాల్జి ముక్కలు ముక్కలై పోయింది. మూటలు కలవలేదు, టోపీ కట్టుకోలేదు. అర్ధాంతరంగా ఆగిపోయిన ఆ కణాలు గొట్టం నుంచి రాలిపోయాయి. ఆటోలోనే గుడ్డ ఊడిపోయిన కొడవలి చేసిన పని అది.

ఒకే ఒక ప్రతి చెడిన ఎలుకలు పిల్లలను కన్నాయి గాని, వాటి శుక్రకణాల్లో లోపాలు కనబడ్డాయి. గుడ్డ సగమే ఉంటే కాపలా కూడా సగమే. ఇదే బృందం పిల్లలు లేని 611 మంది మగవాళ్లలో ఈ జన్యువును వెతికితే ఒక్కరిలో మాత్రం ఒక ప్రతిలో దోషం దొరికింది. అంటే స్పింక్2 లోపం అరుదైనది. ఆ మాట దాచకూడదు. సంతానలేమికి కారణాలు వందలు ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి. అరుదైనదైనా, వృషణం లోపల పని ఎలా సాగుతుందో ఇంత స్పష్టంగా చూపించింది కాబట్టి దీని విలువ పెద్దది.

ఇక్కడ మరో సంగతి ఉంది. ఆలోచించేకొద్దీ ఆశ్చర్యం పెరిగేది. 1994లో జపాన్‌కు చెందిన తదాషి బాబా బృందం ఆక్రోసిన్ అసలే లేని చిట్టెలుకలను తయారుచేసింది. అండం చుట్టూ ఉండే గట్టి పొరను కోసేది ఆక్రోసినే అని అప్పటిదాకా పాఠ్యపుస్తకాల్లో రాశారు. అది లేకపోతే ఎలుకలకు పిల్లలు పుట్టకూడదు. పుట్టాయి! శుక్రకణాలు పొరను దాటడానికి కాస్త ఆలస్యమైంది, అంతే. కొడవలి లేకున్నా ఎలుక పంట కోసుకుంది. గుడ్డ లేకపోతే మాత్రం పంటే లేకుండా పోయింది. కత్తి కన్నా కత్తికి చుట్టిన గుడ్డ ముఖ్యమని తేల్చిన ప్రయోగాలు జీవశాస్త్రంలో ఇంత సూటిగా దొరకడం అరుదు.

అయితే ఎలుక చెప్పిందే అన్ని జీవులకూ వర్తిస్తుందనుకోకూడదు. 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ఇదే ప్రయోగాన్ని హ్యామ్‌స్టర్ అనే మరో చిన్న ప్రాణిలో చేశారు. ఆక్రోసిన్ లేని హ్యామ్‌స్టర్ శుక్రకణాలు అండం పొర దగ్గరే ఆగిపోయాయి. లోపలికి పోలేదు. ఒక జీవికి అక్కరలేనిది ఇంకొక జీవికి ప్రాణాధారం. అందుకే ఎలుకలో చూసిన ప్రతిదాన్నీ మనిషిలో మళ్లీ సరిచూసుకోవాల్సి వస్తుంది. ఆ అన్నదమ్ముల కేసుకు అంత బరువు వచ్చింది కూడా అందుకే. ఎలుక, మనిషి ఒకే మాట చెప్పిన చోటు అది.

వృషణాల్లో స్పింక్2 ఒంటరిది కాదు. సర్పిన్ అనే మరో నిరోధకాల కుటుంబం ఉంది. వీటి పద్ధతి చూస్తే మన ఇంట్లో ఎలుకబోను గుర్తుకొస్తుంది. ప్రోటీయేజు వచ్చి ఎరను కొరకగానే సర్పిన్ ఒక్కసారిగా రూపం మార్చుకుంటుంది. కరిచినదాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు విసిరి, నలిపి, పనికిరాకుండా చేస్తుంది. బోను కూడా మళ్లీ పనికిరాదు, రెండూ కలిసే పోతాయి. శాస్త్రవేత్తలు కూడా ఈ పద్ధతిని ఎలుకబోనుతోనే పోలుస్తారు. ఈ కుటుంబంలో సర్పిన్ ఏ5 అన్నదాన్ని వియన్నా శాస్త్రవేత్తలు చిట్టెలుకలో తీసేసి 2000లో ఫలితాలు చెప్పారు. మగ ఎలుకలు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాయి. పిల్లలు మాత్రం కలగలేదు. ఇందాక చెప్పుకున్న దాదులు, అంటే సెర్టోలి కణాలు, ఒకదాన్నొకటి పట్టుకుని రక్తానికీ శుక్రకణాలకూ నడుమ ఒక గట్టు కడతాయి. ఆపేవాళ్లు లేని ప్రోటీయేజులు ఆ గట్టును తెగ్గొట్టాయి. నిజాంసాగర్ కట్ట కింద పొలం ఉన్నవాళ్లకు కట్ట తెగడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఎలుకల ప్రయోగశాల నుంచి ఇళ్లలోకి వద్దాం.

పెళ్లయి రెండేళ్లు గడిచిందంటే ఊళ్లో మొదటి ప్రశ్న కోడలికే ఎదురవుతుంది. శుభకార్యంలో బొట్టు పెట్టేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి జరుగుతుంది. మొక్కులు ఆమె మొక్కాలి, ఉపవాసాలు ఆమె ఉండాలి, స్కానింగులు ఆమె తీయించుకోవాలి. తెలుగులో గొడ్రాలు అన్న మాట ఎంత తొందరగా నోటికి వస్తుందో, మగవాడికి అలాంటి మాట అంత తొందరగా రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది, ఒంటరిగానో ఆమె వైపు కారణంతో కలిసో. ఇంత తెలిసినా ఆమెను మూడు నాలుగు ఆస్పత్రులు తిప్పాక గాని ఆయన పరీక్షకు ఒప్పుకోకపోవడం ఇప్పటికీ జరుగుతోంది. ఇది బాధ కలిగించే విషయం. ఆయన పరీక్షకు సూది గుచ్చాల్సిన పని కూడా లేదు.

మగవాడి జన్యువుల్లో కారణం వెతికే పనిలో హైదరాబాద్ ముందు వరసలో ఉంది. సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం వీర్యంలో శుక్రకణాలు లేని 340 మంది భారతీయ మగవాళ్ల వై క్రోమోజోమ్‌ను పరిశీలించి 2003లో వివరాలు ప్రచురించింది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే క్రోమోజోమ్ అది. వాళ్లలో 8.5 శాతం మందికి ఆ క్రోమోజోమ్‌లో ఒక ముక్క లేదు. ఏ ముక్క పోయిందన్నదాన్ని బట్టి వైద్యం మారుతుంది. కొన్ని ముక్కలు పోతే ఆపరేషన్ చేసి వెతికినా వృషణంలో శుక్రకణం దొరకదు. ఇంకొక ముక్క పోతే దొరికే అవకాశం బాగానే ఉంటుంది, కాకపోతే ఆ లోపం పుట్టే కొడుక్కి కూడా వెళ్తుంది. స్పింక్2 లాంటి జన్యువుల సంగతి తెలియడం వల్ల లాభం కూడా ఇదే. గుండ్రటి కణం దగ్గరే తయారీ ఆగిపోయిందని ముందే తెలిస్తే, దొరకని దాని కోసం కత్తి కిందికి పోవాల్సిన అవసరం తప్పుతుంది. అప్పులు చేసి వైద్యం చేయించుకునే కుటుంబానికి అది చిన్న ఊరట కాదు.

గ్రెనోబుల్ అన్నదమ్ముల తల్లిదండ్రుల చుట్టరికం గురించి వింటే తెలుగు ఇళ్లకు మేనరికం గుర్తుకొస్తుంది. మేనమామకో, మేనబావకో పిల్లనిచ్చే ఆనవాయితీ మన దగ్గర తాతలనాటిది. దాదాపు ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది చాలావరకు కాపాడుతుంది. ఒకే తాత నుంచి అదే చెడు ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చి బిడ్డలో కలిస్తే కాపాడేది ఉండదు. దగ్గరి చుట్టరికం లేకున్నా తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల కూడా ఇలాంటిది జరుగుతుంది. తంగరాజ్ అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సమూహాలను పోల్చారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన గుర్తులు 81 సమూహాల్లో చాలా బలంగా కనబడ్డాయి. వాటిలో మన వైశ్యులు ఉన్నారు. ఆపరేషన్‌లో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందు కొందరు వైశ్యుల ఒంట్లో త్వరగా విచ్ఛిన్నం కాదు. మామూలుగా నిమిషాల్లో తిరిగి రావలసిన ఊపిరి చాలాసేపు రాదు. మత్తు డాక్టర్లకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. అదీ ఒక జన్యువు రెండు ప్రతులూ చెడడం వల్లే. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో ఇలా జరుగుతుందని భయపడాల్సిన పని లేదు. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ పిల్లలు లేరని తెలిస్తే మాత్రం, ఆ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. చాలామంది సిగ్గుపడి దాచే వివరం అదే. డాక్టరుకు దారి చూపించేదీ అదే.

మగవాడి పరీక్ష ఎంత తేలికో చూద్దాం. ల్యాబ్‌లో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు. రెండు రోజుల నుంచి వారం లోపు కలయికకు దూరంగా ఉండి రమ్మంటారు. వీర్యం బయటికి వచ్చిన వెంటనే తుమ్మజిగురులా గడ్డకట్టి ఉంటుంది. టెక్నీషియన్ దాన్ని వెంటనే సూక్ష్మదర్శిని కింద పెట్టడు. ఒంటి వేడి ఉన్న పెట్టెలో పెట్టి అరగంట ఆగుతాడు. ఆలోగా గడ్డ దానంతట అదే విడిపోయి పలచబడుతుంది. అప్పుడు చుక్క తీసి అద్దం మీద వేస్తాడు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని కదులుతున్నాయి, ఎన్నింటి రూపం బాగుంది అని లెక్కపెడతాడు. మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కన్నా తగ్గితే తక్కువ కింద లెక్క. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత అది. ఒకసారి తక్కువ వస్తే గాబరా పడక్కర్లేదు. జ్వరం వచ్చి తగ్గినా సంఖ్య పడిపోవచ్చు, తయారీకి రెండు నెలలకు పైగా పడుతుంది కాబట్టి కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ చూస్తారు.

టెక్నీషియన్ ఆగే ఆ అరగంటలో డబ్బాలో జరిగేది కూడా కొడవలి, గుడ్డల వ్యవహారమే. వీర్యాన్ని గడ్డకట్టించే ప్రొటీన్ శుక్రకణాలను కట్టిపడేస్తుంది. ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చిన ఒక ప్రోటీయేజు ఆ ప్రొటీన్‌ను ముక్కలు చేసి కట్లు తెంపుతుంది. తెంపడం మరీ ముందూ కాకూడదు, మరీ ఆలస్యమూ కాకూడదు. ఆ వేగాన్ని అదుపు చేసే నిరోధకం శుక్రకణం ఒంటి మీదే అంటుకుని ఉంటుంది. దాని పేరు ఎప్పిన్. శుక్రకణాలు వృషణం నుంచి వచ్చాక కొన్ని రోజులు నిలవుండి పరిపక్వమయ్యే ఎపిడిడిమిస్ అనే చోటు పేరే దానికి పెట్టారు.

ఎప్పిన్ దగ్గర ఒక తెలుగు శాస్త్రవేత్త పేరు ఉంది. సురేశ్ ఏనుగు అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నప్పుడు, ఎప్పిన్ బ్యాక్టీరియాను కూడా చంపగలదని చూపించిన పరిశోధన పత్రం 2004లో వచ్చింది. దాని మొదటి రచయిత ఆయనే. శుక్రకణం వెళ్లే దారి క్రిములు చేరే దారి కూడా. గుడ్డగా చుట్టుకున్నదే కవచంగా కూడా పనికొచ్చిందన్నమాట. ఆయన తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎలుకల పురుష జననాంగాల్లోని ఇలాంటి జన్యువుల మీద పరిశోధన కొనసాగించారు.

ఆ 2004లోనే, అదే నార్త్ కరోలినాలో మైకేల్ ఓరాండ్ ఇంకో ప్రశ్న వేశాడు. శుక్రకణానికి ఎప్పిన్ ఇంత అవసరమైతే, పిల్లలు వద్దనుకున్న మగవాడికి దీన్ని కొంతకాలం ఆపితే? ఈ ప్రశ్న మన ఊళ్లకు చాలా అవసరమైనది. పిల్లలు కాకపోతే నింద ఆడవాళ్లది. పిల్లలు చాలు అనుకున్నాక ఆపరేషన్ కూడా దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లదే. కాన్పు అయిన కొద్ది రోజులకే ఆపరేషన్ చేయించుకుని, కుట్లు పూర్తిగా మానకముందే కూలికి పోయిన ఆడవాళ్లు సోయా కోతకు పోయే ప్రతి ఆటోలోనూ ఉంటారు.

ఓరాండ్, ఆయన సహచరులు కలిసి తొమ్మిది మగ కోతులకు ఎప్పిన్‌నే టీకాగా ఇచ్చారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు కూడా ఆ పనిలో ఉన్నారు. తొమ్మిదింటిలో ఏడింటి ఒంట్లో ఎప్పిన్‌ను ఎదిరించే పదార్థాలు బాగా తయారయ్యాయి. ఆ ఏడింటిలో ఒక్కదానికీ పిల్లలు కలగలేదు. టీకా ఆపాక ఐదింటికి సంతానశక్తి తిరిగి వచ్చింది. రెండింటికి రాలేదు. టీకాతో ఉన్న చిక్కు అదే, ఎప్పుడు వెనక్కి వస్తుందో చేతిలో ఉండదు. అందుకే తర్వాత ఓరాండ్ టీకా వదిలేసి, ఎప్పిన్‌కు అంటుకుని శుక్రకణం ఈతను ఆపే ఒక చిన్న రసాయనం వైపు మళ్లాడు. 2018లో ఆ ప్రయోగం వివరాలు వచ్చాయి. మందు ఎక్కించిన ఆరు గంటల్లోనే మగ కోతుల శుక్రకణాల కదలిక మునుపటిలో అయిదో వంతుకు పడిపోయింది. 18 రోజులు తిరిగేసరికి అవి మళ్లీ మామూలుగా ఈదాయి.